పిల్లెత్తు బంగారం

వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇళ్ళ వరుసలో సోమక్క అంటే జాగ్రత్తకు మారుపేరు. ఆమెను అడగకుండా ఆ ఇంట్లో అగ్గిపుల్ల కూడా వెలగదని వాడకట్టు ఆడవాళ్ళు నవ్వేవాళ్ళు. నవ్వితే నవ్వనీ. నేతగాడి ఇంట్లో పొదుపు లేకపోతే పొయ్యిలో పిల్లి లేవదు. అంత జాగ్రత్త మనిషి, సొంత ఊరు విడిచి పరాయి రాష్ట్రం పోవడానికి అన్ని లెక్కలూ వేసుకుని, ఒక్క లెక్క దగ్గర చిన్నపిల్లలా బోల్తా పడింది. ఆ బోల్తా వల్లే తన చుట్టూ ఎలాంటి మనుషులున్నారో ఆమెకు తెలిసింది. లేకపోతే తెలియకుండానే రైలెక్కేది.

డెబ్బై ఏడులో నూలు ధర పెరిగింది, జంపఖానాలు అడిగేవాళ్ళు తగ్గారు. సోమక్క మొగుడు కట్టయ్య దసరా దాకా ఓపిక పట్టాడు. దసరా దాటాక చేతిసంచి ఒకటి భుజాన వేసుకుని మహారాష్ట్రలోని భీవండికి పోయాడు. అక్కడ కరెంటు మగ్గాలు పగలూ రాత్రీ నడుస్తాయి. మనవాళ్ళు వాటిని సాంచెలంటారు. కట్టయ్య సాంచెల మీద పనికి కుదిరి, ఆ షెడ్డులోనే ఒక మూల పడుకుంటూ, పెళ్ళాం బిడ్డల కోసం ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు.

మాఘమాసం వచ్చింది. అది మేడారం జాతర జరిగే ఏడు. కట్టయ్యతోపాటే సాంచెల మీద పనిచేసే ఎల్లస్వామి జాతరకని భీవండి నుంచి ఊరికొచ్చి, కాళ్ళు కడుక్కోకముందే సోమక్క ఇంటి ముందు నిలబడ్డాడు.

"వదినె, అన్న పద్మానగర్ల ఖోలీ మాట్లాడిండు. ఖోలీ అంటే ఒక్క అర్రనే, గని నల్లా దగ్గర్నే ఉన్నది. చుట్టూత అంతా మన తెలుగోళ్ళే. అడ్వాన్సు పైసలు మాత్రం పున్నం దాటిన వారంలోపట ఇయ్యాలె. లేకుంటే ఇంకోళ్ళకు ఇస్తనని ఇంటాయన ఖరాఖండిగ చెప్పిండు."

"నువ్వు ఫికర్ చెయ్యకు తమ్మీ. అంతా తయారున్నది" అంది సోమక్క.

అబద్ధం కాదు. తయారుగానే ఉంది. సోమక్కకు అక్షరం ముక్క రాదు గానీ నేత ఇంట్లో రంగు నూలుకు కరువా? పైసలను మూటలు కట్టి, ఒక్కో మూటకు ఒక్కో రంగు నూలు చుట్టి సందుగలో పెట్టింది. ఎర్ర నూలు మూట ఖోలీ అడ్వాన్సుకు. ఆకుపచ్చది తనకూ బిడ్డకూ రైలు టికెట్లకు. నల్లది అక్కడికి పోయాక మొదటి నెల తిండిగింజలకు. ఎందుకంటే కట్టయ్య జీతంలోంచి అప్పటిదాకా తిన్న హోటలు బాకీ పోగా చేతికి ఏమీ రాదని ఆమెకు ముందే తెలుసు. పసుపు నూలు మూట మొక్కుకు. ఒక మూట పైస ఇంకో మూటలో పడకూడదు. అది సోమక్క శాసనం, దాన్ని కట్టయ్య కూడా దాటలేడు.

ఎర్ర మూట ఊరికే నిండలేదు. కట్టయ్య తండ్రి నాటి మగ్గం అమ్మితే నిండింది. కొన్నవాళ్ళు వచ్చి కట్టెలన్నీ ఊడదీసి బండిలో వేసుకుపోయారు. మగ్గం గుంత మాత్రం ఇంటి నడుమ నోరు తెరుచుకుని ఉండిపోయింది. సోమక్క తట్టతో మట్టి మోసి తానే దాన్ని పూడ్చింది. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు.

పసుపు మూట కథ వేరే. అన్నిటికంటే పాతది అదే. కూతురు దోగాడే వయసులో వాంతులు, బేదులు పట్టుకుని వేలాడిపోతే, వాడకట్టు ఆడవాళ్ళు తలా ఒక చెయ్యి వేసి సర్కారు దవాఖానకు మోసుకుపోయారు. అక్కడ మెట్ల మీద సోమక్క మొక్కుకుంది. "సమ్మక్క తల్లీ, బిడ్డ దక్కితే పిల్లెత్తు బంగారం పెడత" అని. మేడారంలో అమ్మవార్ల గద్దెల దగ్గర బంగారం అంటే బెల్లమే. పేదోడి చేతికి అందే బంగారం అది. పిల్ల దక్కింది. ఆ సమ్మక్క తల్లి పేరే పెట్టుకుని సమ్మమ్మ అని పిలుచుకున్నారు. అప్పటి పిల్ల బరువుకు సరిపడా బెల్లానికి పైసలు కూడబెట్టి, పసుపు నూలు చుట్టి, సోమక్క ఆ మూటను సందుగ అడుగున పెట్టేసింది.

జాతర రెండేళ్ళకోసారి వస్తుంది. మొదటి జాతరకు మగ్గం మీద తొందర పని ఉండి కదలలేకపోయారు. రెండో జాతర నాటికి అత్త పోయి ఏడాది తిరగలేదు. మూడోసారి కట్టయ్యే మంచాన పడ్డాడు. వాయిదా వేస్తే వడ్డీ పెరుగుతుందని సావుకారి గడప తొక్కిన ప్రతివాడికీ తెలుసు. మొక్కుకూ వడ్డీ ఉంటుందని మాత్రం మన సోమక్కకు తట్టలేదు. జాగ్రత్త గల మనిషి కదా, కట్టిన మూటను మళ్ళీ విప్పి చూడలేదు.

జాతరకు నాలుగు రోజుల ముందు, పసుపు మూట కొంగున ముడేసుకుని, సమ్మమ్మ చెయ్యి పట్టుకుని బీట్‌బజార్‌లో సాంబయ్య దుకాణానికి పోయింది. జాతర రోజుల్లో ఆ దుకాణం ముందు దూలానికి పెద్ద తరాజు వేలాడుతుంది. ఒక పళ్ళెంలో మనిషి, ఒక పళ్ళెంలో బెల్లం.

"ఎవరెత్తు అమ్మా?" అని అడిగాడు సాంబయ్య.

"పిల్లెత్తు సేటు."

"పిల్లేది?"

"గిదే" అని సమ్మమ్మను ముందుకు తోసింది సోమక్క.

సాంబయ్య పిల్లను చూశాడు. మూట విప్పి పైసలు చూశాడు. మళ్ళీ పిల్లను చూశాడు. ఆ పైసలకు వచ్చే బెల్లం దిమ్మెలు ఒక పళ్ళెంలో పెట్టించి, సమ్మమ్మను రెండో పళ్ళెంలో కూర్చోబెట్టాడు. పిల్ల పళ్ళెం టప్పున నేలకు ఆనింది. బెల్లం పైకి పోయి గాలిలో ఊగింది. సమ్మమ్మకు ఉయ్యాల దొరికినంత సంబరం. వెనక వరుసలో ఉన్నవాళ్ళు కిసుక్కుమన్నారు.

"ఎప్పటి మొక్కు ఇది?" అన్నాడు సాంబయ్య.

"ఇది దోగాడేటప్పటిది సేటు."

"మొక్కేమో దోగాడేటప్పటిది, పిల్లేమో బడికి పోయేది. మరి పైసలు గూడ దానెంబడి పెరగద్దా సోమక్కా?"

అప్పటికి గానీ ఆమెకు అర్థం కాలేదు. నూలు ధర ఏ నెల ఎంత పెరిగిందో నోటికి చెప్పే మనిషి, కళ్ళ ముందు పెరుగుతున్న పిల్లను చూసుకోలేదు. బెల్లం రేటు కూడా అప్పటి రేటు కాదాయె. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. సాంబయ్య మంచివాడు, గొంతు తగ్గించాడు.

"జర నా మాటిను. అప్పటి బరువెంతనో గంతే పెట్టు. తల్లి కాదంటదా?"

"పిల్లెత్తు అన్న సేటు. అప్పటెత్తు అనలే" అంది సోమక్క. "ఈ దిమ్మెలు పక్కకు పెట్టించుండ్రి. రేపొస్త."

ఇంటికొచ్చి మూటలన్నీ చాప మీద పరిచింది. ఎర్రది విప్పితే ఖోలీ పోతుంది. పూడ్చిన మగ్గం గుంత మళ్ళీ తవ్వుకున్నా మగ్గం రాదు. ఆకుపచ్చది విప్పితే రైలే లేదు. ఇంకో రెండేళ్ళు ఆగుదామా అంటే అప్పటికి పిల్ల ఇంకా పెరుగుతుంది. మొక్కు తీర్చకుండా పోదామా అన్న ఆలోచన కూడా వచ్చింది. దాపరికం ఎందుకు, రాకుండా ఉండదు. కానీ ఆ ఆలోచన ఎంతోసేపు నిలవలేదు. ఇక్కడ పిల్లకు జబ్బు చేస్తే దవాఖానకు మోసుకుపోవడానికి ఇంతమంది ఉన్నారు. భాష తెలియని ఊళ్ళో పిల్ల కళ్ళు తేలేస్తే ఎవరిని పిలవాలి? ఆ తల్లినే పిలవాలి. మాట తప్పిన నోటితో ఏమని పిలుస్తుంది? సోమక్క నల్ల నూలు ముడి విప్పడం మొదలుపెట్టింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి బక్కమ్మ కొంగులో ఏదో మూట పట్టుకుని గడప దాటి వచ్చింది. అరవై దాటిన మనిషి, మొగుడు లేడు, పిల్లలు లేరు. మగ్గాలకు నూలు కండెలు చుట్టి బతుకుతుంది. వాడకట్టులో ఎవరింట్లో పురుడైనా, ఎవరింట్లో చావైనా ముందు ఆమె కాలే పడుతుంది.

"ఏందే, అన్ని మూటలు ఇప్పుకోని కూసున్నవ్? దుకాణం పెడతానవా?"

సోమక్క తరాజు సంగతి చెప్పింది. బక్కమ్మ గోడకు ఆనుకుని కూలబడి, దగ్గు వచ్చేదాకా నవ్వింది.

"తప్పంత నీదే. పిల్లకు గంత అన్నమెందుకు పెట్టినవే? కడుపు మాడిస్తే తక్కువల పోయేది గద."

"నవ్వకు పెద్దమ్మా. నల్ల మూట తీస్తాన. ఆడికి పోయినంక నెల దినాలు ఒక్కపూటే తింటం."

"పిల్ల గూడనా?"

సోమక్క తల వంచుకుని ముడి విప్పుతూనే ఉంది. బక్కమ్మ నవ్వు ఆగిపోయింది. కొంగు విప్పి, అందులోంచి రెండు బెల్లం దిమ్మెలు తీసి చాప మీద పెట్టింది.

"ఇవి గూడ పిల్ల తూకంల వెయ్యి."

"ఒద్దు పెద్దమ్మా. నీ మొక్కు నీది. ఒకరి బంగారం ఇంకొకరి తూకంల పడొద్దు."

"ఇవి నా మొక్కని నీకెవలు చెప్పిన్రు? గీ పిల్ల మొక్కే ఇది."

సోమక్క అర్థం కాక చూసింది. బక్కమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"ఆ దినం దవాఖాన మెట్ల మీద నువ్వు మొక్కి సోయి తప్పి పడ్డవ్. పిల్ల నా చేతులల్ల ఉన్నది. కండ్లు మీదికి పోయినయ్. అప్పుడు నేను గూడ మొక్కిన. పిల్ల బతికితే, దాన్ని తూచిననాడు నా తరఫున రెండు దిమ్మెలు వేస్తనని. నువ్వు తూచితేనే గద నేను వేసేది. ఏ జాతరకాజాతర, ఇప్పుడన్న పోతవా, ఇప్పుడన్న పోతవా అని చూస్తనే ఉన్న."

"ఇన్నేండ్లు ఒక్క మాటన్న చెప్పకపోతివి పెద్దమ్మా?"

"ఒకల బిడ్డకు మొక్కి, మళ్ళ ఆళ్ళకే చెప్పుకుంటే అప్పు పెట్టినట్టుంటది బిడ్డా. ఎట్ల చెప్పాలె?"

అని ఊరుకోలేదు. గడప దగ్గరికి పోయి ఎదురింటి రాజక్కను, మూలింటి మొగిలమ్మను కేకేసింది. ఇద్దరూ వచ్చారు. ఆ రోజు దవాఖానకు వెంట వచ్చినవాళ్ళే. సంగతి విన్న రాజక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నేను గూడ మొక్కిన అక్కా. ఒక్క దిమ్మెనే. అంతకంటే ఎక్కువ మొక్కుదామంటే అప్పుడు మా ఇంట్ల నడువకపాయె. నువ్వు జాతరకు పోయేనాడు నీ చేతుల పెడుదామని ఆగిన."

మొగిలమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది.

"నేను మొక్కలే. అబద్ధమెందుకు చెప్పాలె? గని నీకు పాలు ఎండిపోతే వారం దినాలు నా చంటిదాన్ని పక్కకు పెట్టి సమ్మికి నేనే ఇచ్చిన. మరి గా బరువుల నాది లేదా? నాదెంతున్నదో గంత నేను పెడత. ఒద్దంటే నా ముఖం చూడకు."

సోమక్క ఏడ్చింది. అత్త పోయినప్పుడు, మగ్గం అమ్మినప్పుడు కూడా ఒకరి ముందు కన్నీరు పెట్టని మనిషి, చాప మీద మూటల నడుమ కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. తన బిడ్డను తాను కాపాడుకున్నానని, తన మొక్కు తాను మోస్తున్నానని ఇన్నేళ్ళూ అనుకుంది. ఆ మొక్కును మెట్ల మీదే ఇంతమంది పంచుకున్నారు. ఎవరూ నోరు విప్పలేదు. వాళ్ళేమైనా ఉన్నవాళ్ళా? రాజక్క మొగుడు మిల్లు గేటు ముందు కూలీ కోసం నిలబడేవాడు. మొగిలమ్మ ఇంట్లో తినే నోళ్ళు ఎక్కువ, తెచ్చే చేతులు తక్కువ.

"నల్ల మూట ముడెయ్యి ముందు" అంది బక్కమ్మ. "చూస్తాంటె నాకే ఆకలైతాంది."

మర్నాడు నలుగురూ కలిసి సాంబయ్య దుకాణానికి పోయారు. సమ్మమ్మ అడగకముందే ఎక్కి పళ్ళెంలో కూర్చుంది. పక్కన పెట్టించిన దిమ్మెలు మొదట పడ్డాయి. తర్వాత బక్కమ్మవి రెండు. తర్వాత రాజక్కది. మొగిలమ్మ తన పైసలకు కొన్నవి, ఇటొకటి అటొకటి సర్ది పెట్టింది. సగంలో సాంబయ్య పనివాణ్ణి పక్కకు జరిపి తరాజు కాడ తానే నిలబడ్డాడు. పిల్ల పళ్ళెం నేల విడిచి లేచింది. రెండు పళ్ళేలూ ఒక వరుసకు రావడానికి కొంచెం తక్కువైంది. సాంబయ్య లోపలికి పోయి పెద్ద దిమ్మె ఒకటి తెచ్చి బెల్లం మీద పెట్టాడు. బెల్లం దిగింది, సమ్మమ్మ పైకి లేచి కిలకిలా నవ్వింది.

"గిది ఎవలది సేటు?" అంది సోమక్క.

"కొసరు. కొసరు లేని తూకం నా దుకాణంల ఎప్పుడన్న చూసినవా? దానికి పైసలు లెవ్వు."

బస్సు ములుగు దాటి తాడ్వాయి అడవిలో పడ్డాక దుమ్ములో ముందు ఏముందో కనపడలేదు. ఎల్లస్వామి బెల్లం బస్తాను ఒళ్ళో బిడ్డలా పట్టుకున్నాడు. బక్కమ్మ కూడా వచ్చింది. జంపన్న వాగులో ముగ్గురు ఆడవాళ్ళూ మునిగారు, ముగ్గురంటే సమ్మమ్మను కూడా కలుపుకుని. గద్దెల ముందు జనం తోపులాటలో సోమక్క బంగారం పెట్టి, తన పేరు చెప్పలేదు. బక్కమ్మ పేరు, రాజక్క పేరు, మొగిలమ్మ పేరు, బీట్‌బజార్ సాంబయ్య పేరు చెప్పి, వీళ్ళను సల్లంగ చూడు తల్లీ అంది.

పున్నమి దాటిన నాలుగో రోజు కాజీపేటలో రైలెక్కి, సికింద్రాబాద్‌లో మారి, కళ్యాణ్‌లో దిగారు. కట్టయ్య స్టేషనుకు వచ్చాడు, చిక్కి సగమయ్యాడు. ఎర్ర నూలు ముడి సోమక్క ఇంటాయన ముందే విప్పి పైసలు చేతిలో పెట్టింది. ఖోలీ వాళ్ళదైంది. మొదటి రోజు పొద్దున చాయ్‌లో వేసింది ప్రసాదం బెల్లమే. ఆ నెలంతా రెండు పూటలా తిన్నారు. అన్నం వడ్డించిన ప్రతిసారీ, నల్ల మూట ముడెయ్యి అన్న బక్కమ్మ మాటే గుర్తొచ్చేదని సోమక్క తర్వాత ఎందరితోనో చెప్పుకుంది.

భీవండిలో ఆమె కండెలు చుట్టింది. సమ్మమ్మ అక్కడి తెలుగు బడిలో చదివింది. వరంగల్ వైపు నుంచి కొత్తగా కాపురం ఎత్తుకొచ్చే ప్రతి ఆడమనిషికీ మొదటి పూట అన్నం సోమక్క ఇంట్లోనే. పెట్టి ఊరుకునేదా? "ఇంకెవలన్న మీ ఊరి నుంచి వచ్చేటోళ్ళుంటే చెప్పు. రైలు కిరాయి తర్వాత చూసుకోవచ్చు, మొక్కులుంటే ముందుగాల తూచుకొని రమ్మను" అని పాఠం చెప్పేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. ఆమె నవ్వేది కాదు.

ఎనభై అయిదు వానాకాలంలో ఎల్లస్వామి ఊరికి పోయి వచ్చి, బక్కమ్మ దగ్గు, జ్వరంతో మంచం దిగడం లేదని చెప్పాడు. రాజక్క, మొగిలమ్మ వంతులు వేసుకుని గంజి పోస్తున్నారట. సోమక్క చేతిలో కండె అలాగే ఆగిపోయింది. పోదామంటే సాంచెల పని విడిచేది లేదు, పోయినా చేసేది లేదు. కిటికీ వైపు తిరిగి చేతులు జోడించింది. పెద్దమ్మ లేస్తే మనిషెత్తు బంగారం అని మొక్కింది. ఆ సాయంత్రమే పసుపు నూలు కొనుక్కొచ్చి కొత్త మూట కట్టింది. ఈసారి నెల నెలా విప్పి చూసుకుంది.

బక్కమ్మ లేచింది. ఎనభై ఆరు జాతర రానే వచ్చింది. సోమక్క ఒక్క రోజు కూడా వాయిదా వేయలేదు. పదహారేళ్ళ సమ్మమ్మను వెంటబెట్టుకుని ఊరికొచ్చి, ఆటో మాట్లాడి, బక్కమ్మను బీట్‌బజార్‌కు తీసుకుపోయింది. సాంబయ్య మీసం నెరిసింది. తరాజు మాత్రం అదే.

"నా మీద గన్ని పైసలెందుకే పెడతానవ్?" అని దారి పొడుగునా సణుగుతూనే ఉంది బక్కమ్మ. "మొక్కి ఊకోక నాకెందుకు చెప్పినవ్?"

"చెప్పకుండనే తీర్చేదాన్ని. నువ్వు లేకుంటె తూకమెట్లయితది పెద్దమ్మా?"

సమ్మమ్మ ఆమెను పొదివి పట్టుకుని పళ్ళెంలో కూర్చోబెట్టింది. బక్కమ్మ గొలుసులు పట్టుకుని చుట్టూ చూసి నవ్వింది. "ఇంకో రెండేండ్లు ఆగినా నడిచేది బిడ్డా. పిల్లలు పెరుగుతరు, ముసలోళ్ళు తరుగుతరు. ఆగితే నీకే లాభమాయె."

సోమక్క దిమ్మెలు పెట్టడం మొదలుపెట్టింది. ఇంకా చాలా పడతాయనుకుంది. పసుపు మూటలో పైసలు దండిగానే పెట్టుకుని వచ్చింది. కానీ సగం బస్తా కూడా కాకముందే బక్కమ్మ పళ్ళెం నేల విడిచింది. ఆనాడు పిల్లను దవాఖానకు మోసుకుపోయిన మనిషి ఇంతేనా మిగిలింది అనుకుంది సోమక్క.

"సరిపోయింది" అని సాంబయ్య కొసరు దిమ్మె కోసం చెయ్యి చాపాడు.

"ఈపారి కొసరు నాది సేటు" అని సోమక్క ఇంకో దిమ్మె పెట్టింది. ఆ తర్వాత ఇంకొకటి. బక్కమ్మ పళ్ళెం పైకి లేచి ఊగింది.

"సాలు తియ్యే. నన్ను మీదికి పంపుతానవా ఏంది?"

"పంపను పెద్దమ్మా, గట్టిగ పట్టుకో" అంటూ సోమక్క సమ్మమ్మ వైపు చెయ్యి చాపింది. సమ్మమ్మ ఇంకో దిమ్మె అందించింది.